శెట్టిగారి మూడు తప్పులు

ముందుగా

చరిత్ర చెప్పడానికి కొత్తగా బడుల్లో చేరినవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి అందరూ ఒకటే అడుగుతారు, "సార్, సిలబస్ ఎలా పూర్తి చేసేవాళ్ళు?" అని. సిలబస్ సంగతి మీరు పట్టించుకోకండి. అది జూన్‌లో మొదలై మార్చిలో దానంతటదే అయిపోతుంది. మీరు క్లాసులో ఉన్నా లేకపోయినా దానికి పెద్దగా తేడా తెలియదు.

నా ప్రమోషన్లూ బదిలీలూ ఇక్కడ రాయను. అవి నాకే సరిగా గుర్తులేవు, మీకు వాటితో పనేముంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఒళ్ళు మరిచి చెప్పిన పాఠం ఒకటుంది. మనుషులు సాటి మనుషుల జీవితాలను రాయడం ఎప్పుడు మొదలుపెట్టారు, ఎందుకు మొదలుపెట్టారు అన్నది. అది ఏ సిలబస్‌లోనూ లేదు. దాన్ని నేను పుస్తకాల్లో చదివి చెప్పేవాణ్ణి గానీ, నాకు అర్థమైంది మాత్రం ఆదోని పత్తి మండీలో, ఒక తువ్వాలు కింద. ఆ సంగతే చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నేను తలుచుకున్నప్పుడల్లా నవ్వుకుంటూనే ఉంటాను.

సమాధి గోడలు, మైనపు ముఖాలు

యాభైల్లో నేను ఆదోనిలో ఒక హైస్కూల్లో చేరాను. ఆదోని అంతవరకూ బళ్ళారి జిల్లాలో ఉండి అప్పుడప్పుడే కర్నూలు జిల్లాలోకి వచ్చింది. మా పిల్లలు ఇంట్లో కన్నడం, బజారులో ఉర్దూ, క్లాసులో తెలుగు మాట్లాడేవాళ్ళు. అల్లరి మాత్రం మూడు భాషల్లోనూ సమానంగా చేసేవాళ్ళు. నాది పక్కనే కౌతాళం. మా నాయన పత్తి రైతు. మద్రాసు దాకా పోయి చదువుకొని వచ్చానని నాకు కాస్త టెక్కు ఉండేది. మా పిల్లలు దాన్ని చేరిన వారంలోనే వదలగొట్టారు.

నా పాఠం ఇలా సాగేది. ఈజిప్టులో పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్ళు తమ జీవితాలను సమాధి గోడల మీద రాయించుకున్నారు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టాను, బట్టలేనివాడికి బట్ట ఇచ్చాను, ఎవరినీ నొప్పించలేదు అని. ఏ గోడ చూసినా అదే మాట. "అంతమంది మంచోళ్ళుంటే ఆ ఆకలిగొన్నోళ్ళు యాడినుంచి వచ్చినారు సార్?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. ఆ ప్రశ్నను బోర్డు మీద రాసి పెట్టాను. చరిత్ర చెప్పేవాడికి అంతకన్నా మంచి రోజు ఇంకొకటి రాదు.

తర్వాత రాజులు. వాళ్ళ శాసనాల్లో ఓడిపోయినవాడు కనిపించడు. ఇద్దరు రాజులు కొట్టుకుంటే ఇద్దరూ గెలిచి ఇళ్ళకు పోయారు. కొందరికి కొత్తగా గెలిచే ఓపిక కూడా లేక, పాత రాజు పేరు చెక్కేయించి అక్కడ తమ పేరు పెట్టించుకున్నారు. రోములో అయితే ఇంకా వేడుక. పెద్దింటివాళ్ళు తాతల ముఖాలు మైనంతో చేయించి ఇంట్లో దాచుకునేవాళ్ళు. ఇంట్లో ఎవరైనా పోతే నటులు ఆ ముఖాలు తగిలించుకొని ఊరేగింపులో నడిచేవాళ్ళు. ఆ తర్వాత కొడుకు నిలబడి, పోయినవాడి గొప్పలు చెప్పేవాడు. ఈ గొప్పల్లో అబద్ధాలు చేరి అసలు చరిత్రే పాడైపోయిందని రోమనులే లబోదిబోమన్నారు.

మరి అసలైన జీవితచరిత్ర ఎక్కడ మొదలైంది? నన్నడిగితే గ్రీసులో. ఒక గురువు చనిపోయాక ఆయన శిష్యులు ఆయన గురించి రాస్తూ, చెప్పుల్లేకుండా తిరగడం, చప్పిడి ముక్కు, ఎదుటివాణ్ణి ప్రశ్నలతో విసిగించడం ఏదీ వదల్లేదు. పొగడ్తలో చప్పిడి ముక్కుకు చోటుండదు. జీవితంలో ఉంటుంది. ఆ ముక్కు దగ్గరే జీవితచరిత్ర పుట్టిందని నేను పిల్లలకు చెప్పేవాణ్ణి. వాళ్ళు వెంటనే ఒకరి ముక్కులు ఒకరు పరీక్షించుకునేవాళ్ళు.

అంత దూరం పోనక్కర్లేదని వాళ్ళను తుగ్గలి దగ్గరి గుట్టకు తీసుకుపోయేవాణ్ణి. అక్కడ బండల మీద ఒక మౌర్య చక్రవర్తి చెక్కించిన రాతలున్నాయి. ఒకచోట ఆయన, నేను చేసిన యుద్ధంలో ఎంతోమంది చచ్చారు, అందుకు బాధపడుతున్నాను అని తనే చెప్పుకున్నాడు. పిల్లలు ఎండలో నోరు తెరుచుకొని ఆ బండను చూసేవాళ్ళు. గెలిచిన రాజు తన తప్పు తానే ఊరూరా చెక్కించుకోవడం వాళ్ళకు నమ్మబుద్ధి కాలేదు.

నిప్పు కథ

మా బడి కమిటీకి అధ్యక్షుడు రుద్రప్ప శెట్టిగారు. పత్తి వ్యాపారి. మంచి మనిషి. ఆయన గురించి ఆదోనిలో తెలియని కథ లేదు గానీ, అన్నిటికన్నా పెద్దది నిప్పు కథ. వయసులో ఉన్నప్పుడు ఆయన పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగు మిల్లులో పనిచేస్తుండగా దూదికి నిప్పంటుకుంది. లోపల ఒక ముసలి కూలీ చిక్కుకుపోయాడు. శెట్టిగారు మంటల్లోకి దూకి ఆ ముసలాయన్ను భుజాన వేసుకొని బయటికి తెచ్చారు. దాంతో ఊరంతా ఆయన్ను నెత్తిన పెట్టుకుంది, మిల్లు యజమాని దగ్గరికి తీశాడు, అక్కణ్ణుంచి ఆయన ఎదిగారు.

ఏటా ప్రైజుల పంపకం రోజు ఆయన ఈ కథ చెప్పకపోతే పిల్లలు ఊరుకునేవాళ్ళు కాదు.

"మంట కప్పు పగలదీసుకొని పైకి లేసిందప్పా. తలుపులోంచి నల్లని పొగ సుడి తిరుగుతా వస్తాండాది. జనం ఎనక్కి ఉరుకుతాండారు. దూలం ఇట్ల వంగి, ఇట్ల కూలింది" అంటూ రెండు చేతులూ ఊపేవారు. పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్ళు. నేనూ బిగబట్టేవాణ్ణి. కానీ రెండోసారో మూడోసారో విన్నాక నాకొక అనుమానం వచ్చింది. ఆయన చెప్పేదంతా బయట నిలబడినవాడికి కనిపించేది. లోపలికి పోయినవాడికి కప్పు మీద మంట ఎలా కనిపిస్తుంది?

కొత్తవాళ్ళకు ఇదొక్కటి గట్టిగా చెబుతాను. ఎవరే సంగతి చెప్పినా, చెప్పేవాడు అప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నాడో చూడండి. శాసనానికైనా ఇదే, శెట్టిగారికైనా ఇదే. అప్పటికి నేను నోరు మూసుకున్నాను. కమిటీ అధ్యక్షుడి నిప్పు మీద నీళ్ళు పోయడం తాత్కాలిక ఉద్యోగికి మంచిది కాదు.

తువ్వాలు కింద

శెట్టిగారి షష్టిపూర్తి వచ్చింది. మా హెడ్మాస్టరుగారు నన్ను పిలిచి, శెట్టిగారి జీవితచరిత్ర రాయమన్నారు. చిన్న పుస్తకంగా అచ్చేసి, సభలో నేనే చదవాలి. హెడ్మాస్టరుగారి దృష్టిలో జీవితచరిత్ర అంటే బిరుదుల మధ్య మిగిలిన ఖాళీల్లో రాసేది. ఆపద్బాంధవ, దానవీర, విద్యాదాత, ఇవన్నీ ఆయనే ముందుగా సిద్ధం చేసి పెట్టారు. నేను చేయాల్సింది వాటిని కలిపి కుట్టడమే.

నేను ఎగురుకుంటూ మండీకి పోయాను. ఇన్నాళ్ళూ సమాధుల గురించి చెప్పినవాడికి బతికున్న మనిషి దొరికాడు. శెట్టిగారు తెల్లని పరుపు మీద దిండుకు ఆనుకొని కూర్చున్నారు. కొడుకులు, గుమాస్తాలు చుట్టూ ఉన్నారు. నేను ఈజిప్టు గోడలూ రోము ముఖాలూ అన్నీ ఏకరువు పెట్టి, చివరికి అసలు మాట అన్నాను.

"సావుకారీ, తప్పులు లేకుండా రాస్తే అది మీ బతుకు గాదు. మీ కథలో తప్పులు కూడా ఉండాల."

కొడుకులు ఉలిక్కిపడ్డారు. శెట్టిగారు మాత్రం కళ్ళు చిన్నవి చేసి నన్ను చూశారు.

"తప్పులు రాస్తే నలుగురూ నవ్వరా ఐవారూ?"

"చక్రవర్తే తన తప్పు రాతి మీద చెక్కించుకున్నాడు. తుగ్గలి గుట్ట కాడ ఇప్పటికీ ఉంది."

"ఆ రాత ఎవురికొస్తుంది ఇప్పుడు? ఆయన ధైర్యం ఆయనది. నువ్వు తెలుగులో అచ్చేస్తివంటే సంతలో కూరగాయలమ్మే ఆడోళ్ళు గూడా సదువుతారు" అన్నారు. తర్వాత కాస్త ఆలోచించి, "అయినా ఇది నలుగురి ముందర మాట్లాడే బేరం గాదు" అని భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పి, లోపల నా చెయ్యి పట్టుకున్నారు.

ఆదోని మండీ తెలియనివాళ్ళకు చెప్పాలి. అక్కడ పత్తి ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకొని, నొక్కి, ధర అడుగుతారు, కాదంటారు, ఒప్పుకుంటారు. పైన నోళ్ళు మాత్రం వానల గురించో పెళ్ళిళ్ళ గురించో మాట్లాడుతుంటాయి. చుట్టూ ఉన్నవాళ్ళకు ఏమీ తెలియదు. తువ్వాలు తీసేశాక బేరం ఖాయం. ఆ తర్వాత మాట మార్చినవాడికి మండీలో ఇంకెవరూ చెయ్యి అందించరు. మా నాయన వెంట చిన్నప్పటి నుంచి తిరిగినవాణ్ణి కాబట్టి నాకీ భాష వచ్చు.

నేను అయిదు వేళ్ళూ ఇచ్చాను, అయిదు తప్పులు అని. శెట్టిగారు పిడికిలి బిగించారు, ఒక్కటీ లేదని.

"కౌతాళం పక్క వానలెట్లుండాయప్పా?" అన్నారు పైకి.

"పరవాలేదు సావుకారీ" అంటూ నాలుగు వేళ్ళు పెట్టాను.

ఆయన నా చిటికెన వేలు ఒక్కటే పట్టుకొని గట్టిగా నొక్కారు. ఒక్క తప్పు. నేను చెయ్యి వదిలించుకోబోతున్నట్టు నటించాను. ఆయన వదల్లేదు. రెండు వేళ్ళు పట్టుకున్నారు. కొడుకులు మెడలు సాచి ఆ తువ్వాలు వంకే చూస్తున్నారు. తమ నాయన పేరుప్రతిష్ఠలు లోపల ఏ ధరకు పోతున్నాయో వాళ్ళకు తెలియదు. నాకు లోపల్లోపల నవ్వు పొంగుకొస్తోంది. పెదవులు కరిచిపట్టి మూడు వేళ్ళు ముందుకు పెట్టాను. శెట్టిగారు ఆ మూడింటినీ పట్టుకొని చాలాసేపు అలాగే ఉన్నారు. చివరికి ఒక్క నొక్కు నొక్కి తువ్వాలు లాగేశారు.

"ఖాయం" అన్నారు.

ఎన్ని గ్రంథాలు తిరగేసినా ఇలాంటి ఒప్పందం ఏ చరిత్రకారుడికీ జరిగినట్టు నేను చదవలేదు. ఇంటికి వెళ్ళే దారిలో ఎదురైన ప్రతివాణ్ణీ పలకరించాను. అందులో ఇద్దరు అసలు నాకు తెలియనివాళ్ళు.

పార్వతమ్మగారి సాయం

తప్పులు వెతకడం మొదలుపెట్టాను. ముందుగా శెట్టిగారి భార్య పార్వతమ్మగారి దగ్గరికి పోయాను. అది నా తెలివితక్కువతనం.

"మూడేనా?" అని ఆమె నిరాశపడ్డారు. ఆ తర్వాత కొంగు బిగించుకొని కూర్చొని మొదలుపెట్టారు. భోజనాల వేళకు ఇంకా పెళ్ళినాటి తప్పుల్లోనే ఉన్నారు. వాటిలోంచి నేను రెండు ఏరుకున్నాను. ఒకటి, పులిజూదం ఆడేటప్పుడు ఎదుటివాడు అటు తిరగ్గానే శెట్టిగారు ఒక మేక పావును పక్కకు జరుపుతారు. మనవడితో ఆడినా అంతే. రెండోది, ఒకసారి పౌరాణిక నాటకంలో రాజు వేషం వేసి పద్యం మరిచిపోయి, హార్మోనియం శ్రుతి తప్పిందని నిండు సభలో ఆ వాయించేవాణ్ణి తిట్టారు. పాపం ఆయన శ్రుతి తప్పనేలేదు.

"మూడోది?" అన్నాను.

ఆమె గొంతు కాస్త తగ్గింది. "అంతకు మించి కావాలంటే యెమ్మిగనూరు పో ఐవారూ. ఆడ ఖాదర్ సాబ్ ఉండాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒక్క కంచంలో తినేవాళ్ళు. జిన్ను మిల్లులో నిప్పు పడిన కాన్నుంచీ ఈయన ఆ పక్క బస్సు ఎక్కలే. ఎందుకని అడిగితే సెప్పడు."

యెమ్మిగనూరులో

ఖాదర్ సాబ్ యెమ్మిగనూరులో నేతగాళ్ళ నూలుకు రంగులద్దేవారు. ఇంటి ముందు తొట్లు, దండేల మీద ఎర్రగా నీలంగా ఆరుతున్న నూలు. ఆయన రెండు చేతులూ మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి. నేను వచ్చిన పని చెప్పగానే ఆయన నవ్వడం మొదలుపెట్టి, తొట్టి అంచు పట్టుకొని నిలబడాల్సి వచ్చింది.

"రుద్రడు తప్పులు ఒప్పుకున్నాడా? తువ్వాలు కింద? అరే, మూడుకు యాల ఒప్పుకున్నావు మాస్టర్ సాబ్, పదికి తక్కువ పోగూడదు."

చాయ్ వచ్చింది. శెట్టిగారి గురక గురించి, పిసినారితనం గురించి, సైకిలు నేర్చుకుంటూ బర్రెను గుద్దిన సంగతి గురించి ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పారు. చెబుతుంటే ఆయన ముఖం వెలిగిపోతోంది. ఇంత ఇష్టమైన స్నేహితుణ్ణి ఇన్నేళ్ళు చూడకుండా ఎలా ఉన్నారా అనిపించింది. అడిగాను.

"నిప్పు పడినప్పుడు మీరు గూడా ఆడ ఉండారా?"

ఆయన నవ్వు ఆగింది. "ఆ కథ నీకు వాడు సెప్పింటాడు గదా. అదే కథ" అన్నారు.

గడపలో కూర్చొని ఉన్న ఆయన భార్య హుసేన్ బీ చేతిలోని గిన్నె పక్కన పెట్టారు. "అదే కథ ఎట్లయితుంది? నిప్పులోకి పోయింది ఈయన. ముసలోణ్ణి మోసుకొచ్చింది ఈయన. సేతులు కాలితే బాయి కాడికి ఉరికినాడు, నీళ్ళల్లో పెట్టేదానికి. జనం వచ్చి సూసేతలికి తెలివి తప్పిన ముసలోని తల శెట్టి ఒడిలో ఉండాది. అందరూ ఆయనే అనుకున్నారు. దండేసినారు. ఆయన కాదనలే."

"సాలు, లోపలికి పో" అన్నారు ఖాదర్ సాబ్.

"పోను" అన్నారామె. ఖాదర్ సాబ్ చేతుల మీద ముడతలు పడిన చర్మం అప్పుడు కనిపించింది నాకు. అంతా నీలమే గానీ అక్కడ రంగు పట్టలేదు.

ఖాదర్ సాబ్ ఆ చేతుల్ని వెనక్కి తీసుకొని మెల్లగా అన్నారు, "మర్నాడు సెప్తాడనుకున్నా. పండగకు సెప్తాడనుకున్నా. వాడు ముఖం సూపించేదే మానేసినాడు. నేనుగా పోయి, అది నేను చేసిన పని, నాకిచ్చెయ్ అని ఎట్ల అడిగేది మాస్టర్ సాబ్? నన్ను అడగాకు. వాడు పిలిస్తే మాత్రం వస్తా."

బస్సులో తిరిగి వస్తూ నేను పాత రాజు పేరు చెక్కేయించిన ఈజిప్టు రాజులనే తలుచుకున్నాను. క్లాసులో వాళ్ళ గురించి చెప్పి ఎంత నవ్వించానో. ఆ రోజు నవ్వు రాలేదు. ఇక్కడ ఎవరి పేరు చెక్కేశారో ఆ మనిషే నాకు చాయ్ ఇచ్చి కూర్చోబెట్టాడు కదా.

మండీలో మళ్ళీ

"మూడోది దొరికింది సావుకారీ" అన్నాను శెట్టిగారితో. అదృష్టం కొద్దీ ఆయన ఒంటరిగా ఉన్నారు.

"యాడ?"

"యెమ్మిగనూరులో."

ఆయన పంచె మీద అంటుకున్న దూది పీచు ఒకటి తీశారు. తర్వాత ఇంకొకటి. "ఖాదరు సెప్పినాడా?"

"ఆయన సెప్పలే. హుసేన్ బీ అమ్మ సెప్పింది. మీరు పిలిస్తే వస్తానన్నాడు ఆయన."

"రెండుతో సరిపెట్టుకోగూడదా ఐవారూ" అన్నారు. మండీని శాసించే మనిషి అంత చిన్న గొంతుతో అడగడం నేనెప్పుడూ వినలేదు. "నా మనమడు రోజూ ఆ కథ సెప్పించుకొని గానీ అన్నం తినడు. వానికి ఏమని సెప్పాల?"

నాకు ఆయన మీద నిజంగా జాలేసింది. కానీ యెమ్మిగనూరులో ఆ ముడతలు పడిన చేతులు కూడా చూసి వచ్చాను.

"నేనుగా సదవను సావుకారీ. అది సదివే హక్కు నాకు లేదు. మిగతా రెండూ సదివి కూర్చుంటా. మూడోది మీ ఇష్టం."

"తువ్వాలు తీసినాక ఇష్టమేముంది" అన్నారు ఆయన. ఒప్పుకున్నట్టో, తనను తాను తిట్టుకున్నట్టో నాకు తెలియలేదు. పిలుస్తారా లేదా అని అడిగే ధైర్యం రాలేదు.

హెడ్మాస్టరుగారి కత్తెర

నేను రాసిచ్చిన పుస్తకం చూసి హెడ్మాస్టరుగారికి చెమటలు పట్టాయి. మేకను జరపడమా, హార్మోనియమా? రెండూ కొట్టేశారు. ఆ ఖాళీల్లో "కరుణాసముద్రుడు", "నిష్కళంకుడు" దింపారు. నేను రాయకుండా వదిలేసిన నిప్పు కథను తనే రెండు పేజీలు రాసి, మంటల్ని ఇంకాస్త ఎత్తు చేశారు.

"సభలో అచ్చులో ఉన్నది తప్ప ఒక్క మాట మాట్లాడినా రేపట్నుంచి నీకు ఈ బడిలో పని ఉండదు" అన్నారు.

ఆయన్ను నేను తప్పుపట్టను. ఎప్పుడూ భయపడుతూ బతికారు. ఆయన భయమంతా బడి కోసమే. ఇలాంటి పైఅధికారులు మీకూ దొరుకుతారు. వాళ్ళతో పోట్లాడకండి, వాళ్ళు కొట్టేసిన మాటలు మాత్రం గుర్తుపెట్టుకోండి.

షష్టిపూర్తి

జిన్నింగు మిల్లు ఆవరణలో పందిరి వేశారు. ఆదోని అంతా అక్కడే ఉంది. మా పిల్లలు ముందు వరుసల్లో చాపల మీద కూర్చొని, ఎప్పుడు భోజనాలు పెడతారా అని చూస్తున్నారు. నేను పుస్తకం పట్టుకొని వేదిక ఎక్కుతూ చూస్తే, ముందు కుర్చీల్లో ఒక పక్కగా ఖాదర్ సాబ్ కూర్చొని ఉన్నారు. ఇస్త్రీ తెల్ల చొక్కా, నీలం గోళ్ళు. పక్కన హుసేన్ బీ. శెట్టిగారు పిలిచారన్నమాట.

చదవడం మొదలుపెట్టాను. కరుణాసముద్రుడు అయ్యాడు, నిష్కళంకుడు అయ్యాడు. నిప్పు కథ దగ్గరికి వస్తుండగా, పూలదండల మధ్యలోంచి శెట్టిగారు చెయ్యెత్తారు.

"ఐవారూ. మూడు యాడ?"

హెడ్మాస్టరుగారు లేచి, "అచ్చులో పోయినాయండీ" అన్నారు.

"అచ్చులో పోతే నోట్లో ఉంటాయి. సెప్పు ఐవారూ."

నేను పుస్తకం మూశాను. ఉద్యోగం పోతే పోయిందిలే అని ఒకలాంటి హుషారు వచ్చింది. మేక సంగతి చెప్పాను. మనవడు లేచి, "నేను సూసినా, నేను సూసినా" అని అరిచాడు. పందిరి కింద నవ్వులే నవ్వులు. హార్మోనియం సంగతి చెప్పగానే వెనకనుంచి ఒక ముసలాయన లేచి నిలబడి, "ఈ మాట కోసరమే బతికుండా. నా శ్రుతి తప్పలే" అని అందరికీ దండం పెట్టి కూర్చున్నాడు. పార్వతమ్మగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. శెట్టిగారు కూడా నవ్వుతున్నారు. నేను మాట ప్రకారం కూర్చున్నాను.

అప్పుడు శెట్టిగారు లేచారు. దండలు తీసి కుర్చీ మీద పెట్టారు. నవ్వులు ఇంకా ఆగలేదు. అవి ఆగేదాకా నిలబడే ఉన్నారు.

"మూడోది నేను సెప్తా. నిప్పులోకి నేను పోలేదప్పా. బయం పుట్టి తలుపు కాడ్నే నిలబడిపోయినా. ముసలోణ్ణి మోసుకొచ్చింది ఖాదరు. అదో, ఈడ కూర్చున్నాడే, ఆయన. సేతులు కాల్చుకున్నది ఆయన. దండ నా మెడలో పడింది. కాదని అనలేకపోయినా. అప్పుడు అనలేక, రేపు అనలేక, ఇంతకాలమూ దాన్ని నాదనే సెప్పుకున్నా. ఖాదరు లోపలికి పోయినాడు, రుద్రప్ప మాత్రం నిలబడి అరుస్తాండాడు. అదీ నేను చేసింది. ఉత్త అరుపులు."

మా పిల్లలు భోజనాల సంగతే మరిచిపోయారు. మనవడు తాతను చూస్తున్నాడు. హెడ్మాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. శెట్టిగారు ఖాదర్ సాబ్ వైపు చూడలేక నేల చూస్తున్నారు.

ఖాదర్ సాబ్ లేచారు. ముఖం కోపంగా ఉంది.

"వీడు మళ్ళా తప్పు సెప్తాండాడు" అన్నారు.

శెట్టిగారు తలెత్తారు.

"ఉత్త అరుపులంట. లోపల ఎట్లుండిందో వీనికేం తెలుసు? పొగలో నా సెయ్యి నాకే కనపడలే. ముసలోణ్ణి బుజానేసుకొని గోడలు తడుముకుంటాండా. తలుపు యాడుందో తెలీలే. ఈడ్నే సస్తామనుకున్నా. అప్పుడు వీని గొంతు వినపడింది. 'ఖాదరూ, ఈడ, ఈడ' అని. అందరూ దూరం ఉరికినా వీడు ఆ తలుపు వదిలిపెట్టలే. గొంతు పగిలేదాకా అరిసినాడు. ఆ అరుపు పట్టుకొని నేను బయటపడినా. అది ఆగింటే నేనూ లేను, ముసలోడూ లేడు."

శెట్టిగారు వేదిక అంచు దాకా వచ్చారు.

"నువ్వు ఎప్పుడూ సెప్పలేదే నాకు" అన్నారు.

"సెప్పేదానికి నువ్వు వస్తివా?" అన్నారు ఖాదర్ సాబ్. పక్కనున్న ఖాళీ కుర్చీని నీలం గోళ్ళతో తుడిచి, "ఇప్పుడన్నా వచ్చి కూర్చో" అన్నారు.